ఒకే గీత – రెండు బడులు

సావనీరుకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, సైన్సు విద్యార్థిని గనుక ఏ కాంతి గురించో, కణాల గురించో రాస్తాననుకొని ఉంటారు. నేను ఒక పరుగుపందెం గురించి రాస్తున్నాను. ఆ పందెంలో మేము ఓడిపోయాం. ఓడినవాడు చెప్పే న్యాయం ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే కాబట్టి పాఠకులు కొంత తగ్గించుకొని చదవగలరు.

మాది జిల్లా పరిషత్ హైస్కూలు. నేను ఏడవ తరగతిలో ఉండగా మండల స్థాయి పాఠశాల క్రీడల్లో, పద్నాలుగేళ్ళ లోపు బాలుర రిలేలో మా నలుగురం మొదట వచ్చాం. ఆఖరున పరిగెత్తింది నా స్నేహితుడు. వాడి పేరు రాయను, వాడికి ఇష్టముండదు. వాళ్ళ నాన్న మా పొలాన్నే కౌలుకు చేసేవాడు. మా బోరు పైపు ముక్కే మాకు బేటన్. దాన్ని పట్టుకొని, కాళ్ళకు చెప్పులైనా లేకుండా వాడు ఉరుకుతుంటే మా పీఈటీ సారు ఈల నోట్లో పెట్టుకొని ఊదడం మరచిపోయారు. ఆ రోజు గోడ పక్కన నిలబడి చూస్తున్నవాళ్ళలో పట్నంలోని ఒక మిషన్ పాఠశాల డ్రిల్లు మాస్టరు కూడా ఉన్నారట. వేసవి సెలవులు ముగిసేసరికి వాడికి ఆ బడిలో సీటు, హాస్టలు, బూట్లు అన్నీ ఉచితంగా దొరికాయి.

ఊళ్ళో రకరకాలుగా అనుకున్నారు. "మతంల కలుపుకుంటరు" అన్నవాళ్ళున్నారు. వాడు దసరాకు ఇంటికొచ్చి ఎప్పటిలాగే జమ్మి ఆకు పంచాడు. ఆ మాట అంతటితో ఆగిపోయింది.

మరుసటి ఏడు జోన్ పోటీలు ఆ మిషన్ బడి గ్రౌండులోనే పెట్టారు. చుట్టుపక్కల అంత పెద్ద గ్రౌండు ఇంకెవరికుంది? వాడి స్థానంలో ఆఖరి పరుగు నాకొచ్చింది. ప్రాక్టీసు చేయాలి. మా బడికీ గ్రౌండు లేకపోలేదు. కాని అది మక్కలు చేతికొచ్చే కాలం. ఊళ్ళో సగం పంట బడి గ్రౌండులోనే ఆరేది. అందులో సింహభాగం మా ఇంటిదే! సారు నన్ను పిలిచి, "మీ బాపుకు చెప్పి నాలుగు రోజులు ఒక పక్కకు జరిపించురా" అన్నారు. చెప్పాను. బాపు మొగులు వైపు చూసి, "వానొచ్చి మక్కలు మొలకలొస్తే మీ సారు కొంటడా బిడ్డా?" అన్నాడు. దానికి సారు దగ్గర గాని, నా దగ్గర గాని జవాబు లేదు. తారు రోడ్డు మీద ప్రాక్టీసు చేశాం.

రోడ్డు తిన్నగా ఉంటుంది, ట్రాకు వంపు తిరుగుతుంది. పరిగెత్తేవాడి వేగం రెట్టింపయితే, వాడిని ఆ వంపులో నిలపడానికి నాలుగు రెట్ల బలం కావాలని ఇప్పుడు మెకానిక్స్ పేపరులో రాసి మార్కులు తెచ్చుకుంటున్నాను. అప్పుడా సంగతి ఎవరికి తెలుసు? మా మూడోవాడు వంపులో తూలి పక్క లేన్‌లోకి వెళ్ళిపోయాడు. బేటన్ నా చేతికి రానే లేదు. పక్క లేన్‌లో నా పాత స్నేహితుడు కొత్త బూట్లతో నిలబడి ఒకసారి నా వైపు చూశాడు. వాడి చేతికి బేటన్ అందింది. తరువాత నాకు కనిపించింది వాడి వీపు మాత్రమే.

చాలాకాలం ఆ బడి మీద కోపం ఉండేది. మేమూ వాళ్ళూ ఒకే గీత మీద నిలబడ్డ మాట నిజం. తుపాకీ మోత అందరికీ ఒకేసారి వినిపించింది. కాని ఆ గీత దగ్గరికి రావడానికి ముందు సంగతేమిటి? వాళ్ళు తెల్లవారుజామున ఐదింటికే లేచి పరిగెత్తుతారు, పాలు, గుడ్డు తింటారు. వాళ్ళ డ్రిల్లు మాస్టరుకు ఆటలే పని. మా సారు మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క కూడా చూసుకోవాలి. వీటన్నిటికన్నా పెద్దది ఇంకొకటుంది. మా బడి వచ్చిన పిల్లవాడినల్లా చేర్చుకోవలసిందే. వాళ్ళ బడి కావలసినవాడిని వెతికి తెచ్చుకోవచ్చు. 2010లో అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ప్రవేశానికి పిల్లలను వడపోయకూడదంటుంది. 2014లో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 30వ అధికరణం కింద హక్కులున్న మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. చదువు విషయంలో ఆ తీర్పు మంచిదో చెడ్డదో చెప్పేంతటివాణ్ణి కాను. ఆటల్లో మాత్రం ఒకరు ఏరుకొని వస్తారు, ఇంకొకరు ఉన్నవాళ్ళతో వస్తారు.

ఈ తగాదా మనకొక్కరికే కాదు. అమెరికాలో కాథలిక్ బడులకూ ప్రభుత్వ బడులకూ మధ్య ఇదే పేచీ. అక్కడ పిల్లల సంఖ్యను బట్టి బడులను తరగతులుగా విడగొట్టి పోటీలు పెడతారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో 2005లో ఒక లెక్క తెచ్చారు. ఫలానా ప్రాంతం పిల్లలే చేరాలన్న హద్దు లేని బడుల విషయంలో పిల్లల సంఖ్యను 1.65తో గుణించే పద్ధతి అది. టెక్సాస్‌లోనైతే ప్రభుత్వ బడుల క్రీడా సంఘంలోకి ప్రైవేటు బడులను దాదాపుగా రానివ్వరు. 2003లో రెండు జెస్యూట్ బడులకు మాత్రం తలుపు తీశారు. 1.65 అన్న అంకె ఎలా పుట్టిందో గాని, అన్యాయానికి కూడా ఒక గుణకం ఉంటుందన్న ఆలోచన సైన్సు విద్యార్థిగా నాకు నచ్చింది.

అయితే కోపం పూర్తిగా నిలవనివ్వని సంగతులూ ఉన్నాయి. మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను 1920లో స్థాపించింది హారీ క్రో బక్ అనే అమెరికన్. డ్రిల్లు మాస్టరుకు శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన ఈ దేశంలో వేళ్ళూనడానికి ఒక క్రైస్తవ సంస్థ అంత చేసింది. వాళ్ళ దగ్గర నేర్చుకొని వాళ్ళు ఆడకూడదంటే ఎలా? పైగా హాస్టలు మిషన్ వాళ్ళ సొత్తేమీ కాదు. 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ చదివింది ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులంలోనే. గురుకులంతో పోటీ పడినా మా బడి అలాగే ఓడేది. అందుచేత గీత గీయవలసింది మతానికీ సర్కారుకూ మధ్య కాదు. హాస్టలుండి పిల్లలను ఏరుకొనే బడి ఒక వైపు, సాయంత్రం కాగానే పిల్లలు ఇంటికీ, పొలానికీ వెళ్ళిపోయే బడి ఇంకొక వైపు ఉండాలి. కనీసం జిల్లా స్థాయి వరకైనా ఈ రెంటికీ వేరువేరుగా పోటీలు పెట్టి, గెలిచినవాళ్ళను ఆ పైన కలిపితే ఎవరికేం నష్టం? గేమ్స్ వ్యవహారాలు చూసే పెద్దలు మన అధ్యాపకులలో కూడా ఉన్నారు గనుక ఈ మాట ఇక్కడ రాస్తున్నాను.

మొన్న దసరా సెలవుల్లో వాడూ నేనూ ఊళ్ళో కలిశాం. వాడిప్పుడు స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ చదువుతున్నాడు. ఇదంతా వాడితో చెప్పాను. చివరిదాకా విని, "నేను మన బళ్ళెనే ఉంటే తొమ్మిదిలనే బంజేసి మా నాయనెంబడి నాగలి పట్టేటోణ్ణి గదరా. అది న్యాయమేనా?" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను. మేము మాట్లాడుకుంటున్నది బడి గ్రౌండు గట్టు మీద కూర్చొని. ఎదురుగా ఈ ఏటి మక్కలు ఆరుతున్నాయి. మొగులు కమ్ముతుంటే బాపు కేకేశాడు. ఇద్దరం లేచి, చెరొక పార తీసుకొని మక్కలు కుప్ప చేయసాగాం.

"నువ్వు మాతోనే ఉంటే ఆ రిలే మేమే గెలుద్దుమా?" అని అడిగాను.

వాడు పార ఆపి గ్రౌండంతా ఒకసారి కలియజూశాడు. "మక్కలు తీస్తెనా, తియ్యకుంటెనా?" అన్నాడు.