సుల్తాన్‌పూర్‌లో మూడో తరగతి

2021 నవంబరు 12న జాతీయ సాధన సర్వే పరీక్ష రాసిన తెలంగాణ మూడో తరగతి పిల్లల్లో చాలామంది రెండో తరగతి గదిలో కూర్చోనే లేదు. 2020 మార్చిలో, ఒకటో తరగతి పూర్తికాకముందే, బడి మూతపడింది. మళ్లీ తెరిచింది 2021 సెప్టెంబరులో. భాషలో దేశ సగటు 500కు 323 వస్తే, రాష్ట్రం ఆ సగటునూ అందుకోలేదు. దానికి ఆ పిల్లల్ని తప్పుపట్టడం అన్యాయం.

మరుసటి ఏడాది ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం ‘తొలిమెట్టు’ మొదలైంది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఎవరికి చదవడం వచ్చు, ఎవరికి కూడికలు, తీసివేతలు వచ్చు అని ముందు చూసి, అక్కడినుంచి బోధన. ‘ప్రథమ్’ సంస్థ ఏళ్లుగా చేస్తున్నదీ ఇదే: వయసును కాదు, వచ్చినదాన్ని బట్టి పిల్లల్ని కూర్చోబెట్టడం. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఈ పద్ధతిని పరీక్షించి, ఫలితం ఉందని చూపారు.

అయితే పటాన్‌చెరు దగ్గరి సుల్తాన్‌పూర్ లెక్క వేరు.

వైద్య పరికరాల పార్కు ఉన్న ఊరిది. పటాన్‌చెరు దాకా పరిశ్రమలే. పనికోసం ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి కుటుంబాలు వస్తాయి. ఇంట్లో హిందీయో ఒడియానో మాట్లాడే పాప తెలుగు వాచకం దగ్గర తడబడితే, పరీక్ష ఆమెను ‘వెనుకబడింది’ అనేస్తుంది. ఆమెకు రెండు భాషలు వచ్చన్న సంగతి మార్కుల్లో కనిపించదు. ఇటుక బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో పనిచోటు బడులు నడిపిన అనుభవం తెలంగాణకు ఉంది. ఆ అనుభవం పారిశ్రామికవాడల బడులకూ రావాలి. కూలి ముగించుకుని తల్లి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఆ పాపకు చదువు దొరికే చోటు బడి ఒక్కటే.