అమ్మాయి చదువు, మా లెక్క

మా పెద్దలు తెలంగాణము నుండి వచ్చి మగ్గములు నిలిపిన షోలాపూరులో పెరిగిన మాకు, బ్యాంకనగా సొమ్ము దాచుకొను చోటు, అప్పు పుచ్చుకొను చోటు. పుణెలో సాఫ్టువేరు ఉద్యోగము చేయుచుండిన మా అమ్మాయి 2021లో ఇంటికి వచ్చి, ఇన్వెస్ట్‌మెంటు బ్యాంకులో చేరెదనన్నప్పుడు, ఉన్న కొలువు విడిచి ఈ గుమాస్తాగిరి యేమిటని నొచ్చుకొంటిమి. కంపెనీల వాటాలు అమ్మించుట, ఒక కంపెనీ మరియొకదానిని కొనునప్పుడు వెల కట్టి బేరము కుదుర్చుట ఆ బ్యాంకు పనియని ఆమె వివరించెను. బేరమన్న మాట మాకు బాగుగనే తెలియును.

దానికి పై చదువు కావలెను. లండనులో ఫైనాన్సు ఎం.యస్సీ. ఒక్క యేడు; మన ఐ.ఐ.యం.లలో ఎం.బి.ఏ. రెండేండ్లు. మేము లండను పక్షము వహించితిమి. త్వరగా ముగియును, పేరు గొప్పది, అటుపై పెండ్లిమాట తలపెట్టవచ్చును. ఈ మూడవ కారణమును పైకి అనలేదు. మా తండ్రిగారు మగ్గముపై సంపాదించి కట్టిన యిల్లు తాకట్టు పెట్టుటకును సిద్ధపడితిమి. సీటు వచ్చినట్లు జాబును వచ్చెను.

ఒకనాటి రాత్రి అమ్మాయి మా పాత నూలు లెక్కల పుస్తకము చివరి పుటలో నెలలు వ్రాసి చూపెను. ఈ బ్యాంకులు చాలవరకు వేసవి శిక్షణలో పని చూచి మనుష్యులను ఎంచుకొనును. రెండేండ్ల చదువునకు నడుమ ఒక వేసవి యున్నది. ఏడాది చదువునకు అది లేదు. లండనులో తరగతులు సెప్టెంబరున మొదలగును. ఉద్యోగముల దరఖాస్తులు అప్పటికే తెరచియుండును, వచ్చినవి వచ్చినట్లు చూచుచుందురు. ఒక్క పాఠమైనను వినకమునుపే ఆమె పరీక్షకు నిలువవలెను. ఫైనాన్సు లోతుగా చెప్పునది లండను చదువేయని కూడ ఆమె దాచలేదు. పడుగు చూడక అంచు చూచి చీర కొన్నట్లు మేము పేరు చూచి చదువు కొనబోయితిమి.

లండను సీటు వదలుకొంటిమి. ఆ నవంబరున వ్రాసిన క్యాట్ పరీక్షలో ఆమెకు కోరిన చోటు దక్కలేదు. ఆ దినములలో మేము ఆమెను ఒక్క మాటయు అనలేదు గాని, లండను పేరు మాత్రము ఏదో నెపమున మా నోట దినమునకొకమారు వచ్చుచునే యుండెను. ఆమె అన్నము ముందు నుండి లేచిపోయెడిది. మరుసటి యేడు మరల వ్రాసి, 2023లో కలకత్తా ఐ.ఐ.యం.లో చేరెను. రుసుము ఇరువది లక్షలకు పైబడినదే. అయినను అట్టి చోట సీటు వచ్చినవారికి బ్యాంకులు తాకట్టు లేకయే అప్పిచ్చుట కలదని తెలిసి, ఇంటి కాగితములు తిరిగి పెట్టెలో పెట్టితిమి.

2024 వేసవిలో ముంబయిలో రెండు నెలల శిక్షణ. రాత్రి రెండు గంటలకు కూడ ఆఫీసు నుండియే మాటలాడెడిది. ముగిసిన పిదప ఇంటికి వచ్చి, మరమగ్గముల హోరు నడుమ రెండు దినములు నిద్రించెను. ఉద్యోగము సంగతి అడుగుటకు మాకు నోరు రాలేదు. లేచి టీ త్రాగుచు ఆమెయే చెప్పెను, ఇచ్చెదమన్నారట. జీతమెంతయని మేనమామ అడిగెను. ఎన్ని గంటలకు ఇల్లు చేరెదవని మేమడిగితిమి.