కాలికి తగిన జోడు

బోడుప్పల్ మీదుగా సాగే వరంగల్ రహదారిలో ప్రయాణించేవారికి భువనగిరి చేరగానే ఒక మహాశిల ఎదురవుతుంది. పశ్చిమ చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మోస్తున్న కోట ఆ ఏకశిలపైనే నిలిచి ఉంది. ఆ బండపై శిక్షణ ఆరంభించిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు.

మా మదర్సా విద్యార్థులను ఆ కోటకు తీసుకువెళ్లాలని నిశ్చయించినప్పుడు ఒక తల్లి నా వద్దకు వచ్చింది. కుట్టుపనితో ఇల్లు నెట్టుకొస్తున్న వితంతువు ఆమె. "హజ్రత్, మావాడికి ఎలాంటి బూట్లు కొనమంటారు? రెండోసారి కొనే శక్తి నాకు లేదు" అని అడిగింది. సలహా అడగబడినవాడు అమానత్‌దారు అని మనం నేర్చుకున్నాం. కనుక ఆ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని ఉప్పల్ బజారుకు నేనే వెళ్లాను.

మేజోళ్లపై మసహ్ చేసే అధ్యాయం బోధించేటప్పుడు హనఫీ ఫుఖహాలు విధించిన షరతులు విద్యార్థులకు వివరిస్తుంటాను. తోలు మేజోడు ధరించి చాలా దూరం నడిచినా అది చిరగకూడదు. మూడు చిన్న కాలివేళ్లంత చిరుగు ఉంటే అది మసహ్‌కు పనికిరాదు. అందం, వెల అక్కడ ప్రస్తావనకే రావు. నడకకు నిలవడమే కొలమానం. దుకాణంలో నాకు ఆ పాఠమే తోడ్పడింది.

దుకాణదారు ముందుగా బరువైన, చీలమండ దాటే బూట్లు చూపాడు. వాటి అడుగున లోతైన గాళ్లున్నాయి. నల్లమల వంటి అడవుల బురదలో అవి పట్టునిస్తాయి. నున్నని బండపై మాత్రం రాతిని ఎక్కువగా తాకే మెత్తని రబ్బరు అడుగే మేలు. అందుకే తేలికైన జోడు ఎంచుకున్నాం. సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి గనుక ఆ వేళలోనే, మేజోళ్లు తొడిగి కొలత చూశాం. వేళ్లముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, మడమ కదలకూడదు. ముందు భాగం వేళ్ల వద్ద వంగాలి, నడుమ మెలితిరగకూడదు. అడుగు జిగురుతోపాటు కుట్టుతోనూ బిగించి ఉంటే మరింత మన్నుతుంది. కొన్న జోడును వారంపాటు వీధిలో నడిచి అలవాటు చేసుకొమ్మన్నాను. గోళ్లు కత్తిరించుకోవాలని, నూలు మేజోళ్లు చెమట పట్టి ఉంచి బొబ్బలు తెస్తాయి గనుక ఉన్నివి గాని సింథటిక్‌వి గాని తొడగాలని చెప్పాను.

బీరువాలో ఏళ్ల తరబడి దాచిన బూట్లను నమ్మరాదు. కొన్నింటి అడుగున ఉండే పాలీయురేథేన్ గాలిలోని తేమకు లోలోపలే చివికి, నడిదారిలో పొడిపొడిగా రాలుతుంది. ఇక సంచి విషయం: బరువైన నీళ్ల సీసాలు వీపుకు దగ్గరగా ఉండాలి, నడుముపట్టీ బిగిస్తే భుజాలపై భారం తగ్గుతుంది.

ఆ రోజు విద్యార్థులందరూ క్షేమంగా ఎక్కి దిగారు, అల్‌హందులిల్లాహ్. ఇప్పుడా జోడు అన్నకు బిగువై తమ్ముడి కాళ్లకు చేరింది. తల్లులారా, తండ్రులారా! పిల్లల పాదాలను కొలిచి కొనండి, పొరుగువారి పిల్లల బూట్లను చూసి కొనకండి. చేతిలో సొమ్ము తక్కువగా ఉన్నవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం.