పాడేరు మన్యము

మన కావ్యములలో అడవి యనగా రాజులు వేటకో, వనవాసమునకో పోయి మరలివచ్చు చోటు. ఆ యడవినే పుట్టినిల్లుగను, మెట్టినిల్లుగను గల స్త్రీలు వేలకొలది విశాఖపట్టణమునకు వాయవ్యముననున్న తూర్పు కనుమలలో గలరు. వారి సీమయే పాడేరు మన్యము.

శృంగవరపుకోట నుండి అరకునకు, మాడుగుల నుండి పాడేరునకు, నర్సీపట్నము నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి కనుమదారులు కలవు. పాడేరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోందులు, పోర్జలు మున్నగు గిరిజనులిచట నివసింతురు. చోళ్లు, సామలు, వలిసెలు, పసుపు వీరి పంటలు. పాడేరు మోదకొండమ్మ వీరి కొలుపులందుకొను తల్లి.

1839 లో ఆంగ్లప్రభుత్వమువారు ఈ కొండలను సామాన్య న్యాయస్థానముల యధికారము నుండి తొలగించి, కలెక్టరును ఏజెంటుగా నియమించిరి. ఏజెన్సీ యను పేరు అందువలననే కలిగెను. కొండవాలున చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తనములు చల్లుట పోడు వ్యవసాయము. 1882 నాటి మద్రాసు అడవుల చట్టము దీనిని కట్టడి చేసెను. పోడు ఆగినచో ఇంటిలో పొయ్యి ఆగినట్లే గదా! దానికి తోడు, నర్సీపట్నము నుండి కొండమీదికి బాట వేయుటకై చాలీచాలని కూలికి వారిచే వెట్టి చేయించిరి. ఆ కడుపుమంటయే తిరుగుబాటయ్యెను. 1922 ఆగస్టు 22 న అల్లూరి సీతారామరాజు గిరిజనవీరులతో చింతపల్లి ఠాణాపై బడి తుపాకులు గొనిపోయెను. 1924 మే 7 న ఆయనను కాల్చి చంపిరి. ఆయన యనుచరుడు గాము మల్లుదొర 1952 లో లోకసభకు ఎన్నికయ్యెను.

గిరిజనుల భూమి ఇతరుల పాలు గాకుండ 1959 లో నొక శాసనము వచ్చెను. 1970 లో దానిని మరింత బిగించిరి. 2022 ఏప్రిల్ 4 న పాడేరు ముఖ్యపట్టణముగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి పేరే పెట్టిరి.

అన్నిటికంటె మనము గుర్తింపవలసినది 2006 నాటి అటవీహక్కుల చట్టము. దానిప్రకారము పోడుభూమి హక్కుపత్రము దంపతులిరువురి పేరనుండవలెను. కలుపు తీసి, పంట కోసి, సంతకు మోసికొని పోవు ఇల్లాలికి ఆ నేలలో పాలున్నదని ప్రభుత్వమే వ్రాసియిచ్చుట సామాన్యమైన సంగతి కాదు. ఆ పత్రమున తన పేరున్నదో లేదో చదివి తెలిసికొనుటకు ఆమెకు అక్షరములు రావలెను. కావున మన్యమున బాలికల బడి, పొలముతో సమానముగా కాపాడుకొనదగిన యాస్తి.