చంద్రగిరి మహల్‌లో ఒక సాయంత్రం

తిరుపతి నుండి చంద్రగిరి చేరేసరికి పొద్దు వాలుతోంది. రాజమహల్ గుమ్మం వద్ద మా చిన్నమ్మాయి కాలు కదపలేదు. “అబ్బా, లోపల ఆ మనుషులున్నారా?” అని అడిగింది. తప్పు మాదే. దారిలో రవీంద్రనాథ్ టాగోర్ ‘క్షుధిత పాషాణ్’ కథ చెప్పాము.

1895లో వెలువడిన ఆ కథలో, నిజాం కొలువులో పత్తి సుంకం వసూలు చేసే ఉద్యోగి ఒకడు బరీచ్‌లోని పాడుబడిన మహల్‌లో బస చేస్తాడు. రాత్రయితే ఎవరూ లేని మెట్లపై అడుగుల సవ్వడి, ఒక ఇరానీ కన్య ఛాయ. తెల్లవారితే మతిచెడిన మెహర్ అలీ కేకలు. 1878లో, పదిహేడేళ్ల ప్రాయంలో, టాగోర్ అహ్మదాబాద్‌లోని షాహీబాగ్ మహల్‌లో కొన్నాళ్లు ఉన్నారు. షాజహాన్ కట్టించిన ఆ భవనమే కథకు బీజం.

అమ్మాయి చేయి పట్టుకుని లోపలికి నడిచాము. కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన మూడంతస్తులు. 1592లో విజయనగర రాజధాని ఈ కోటకే తరలివచ్చింది. హిందూ రాజుల మహల్‌లో మన మసీదుల కమానుల వంటివే కనిపించేసరికి ఆమె కొంత స్థిమితపడింది. నేడిది పురావస్తు శాఖవారి మ్యూజియం. గదుల నిండా శిల్పాలే.

“మరి ఆ ఇరానీ పిల్ల ఎవరు?”

కథలో ఆమె వృత్తాంతం మొదలయ్యేలోగా రైలు వచ్చేస్తుంది, చెప్పేవాడు ఎక్కి వెళ్లిపోతాడు. మాకు ఆ ముగింపు నేటికీ వెలితే. బానిసల బజారులో అమ్ముడై వచ్చినదన్న సూచన మాత్రం అందులో ఉంది. అదే చెప్పాము.

“అంటే దెయ్యం కాదు, పాపం” అన్నది. రాణీమహల్ వైపు తానే ముందు నడిచింది.