జవ్వాది కొండలపై ఆర్ద్రా దర్శనము

తమిళదేశమున జవ్వాది కొండలలో కావలూరను పల్లె గలదు. అచ్చట, సముద్రమట్టమునకు సుమారు 725 మీటర్ల యెత్తున, అడవి నడుమ వైను బప్పు వేధశాల యున్నది. హైదరాబాదు నిజాము కళాశాలలో విద్య నేర్చిన బప్పుగారే యీ తావు నెంచిరి. వారు తలపెట్టిన 2.34 మీటర్ల దర్పణముగల దూరదర్శిని వారు గతించిన నాలుగేండ్లకు, 1986లో, వారి పేరనే నెలకొల్పబడెను.

మాఘమాసారంభమున మేము కుటుంబముతో నచ్చటికి బోయితిమి. మలుపుల దారి నెక్కి చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకెను. రాత్రి తొమ్మిది గంటలకు, తొలకరి కార్తెకు పేరిచ్చిన యెఱ్ఱని ఆర్ద్రానక్షత్రము దాదాపు నడినెత్తిన వెలుగుచుండెను. ఇంచుమించు లక్ష యేండ్లలోపల నది పేలిపోవచ్చునని శాస్త్రజ్ఞు లందురని మావారు చెప్పగా, మా అత్తగారు, "అంత పెద్దది పోయిన పిమ్మట దాని చుట్టుపట్ల నేమి మిగులునమ్మాయీ?" అని మమ్మడిగిరి.

ఆ ప్రశ్నకు సమాధానము నక్షత్రము బ్రతికియున్ననాటి నడవడిలోనే యున్నది. బృహన్నక్షత్రము యౌవనమున మిక్కిలి వేడిగలదై, సెకనుకు వేయి కిలోమీటర్లకు మించిన వేగముతో తన ద్రవ్యమును గాలివలె నలుదెసల జిమ్మును. ఆ గాలియు, తీవ్రకిరణములును దాని పుట్టినింటి వాయుమేఘమును దొలిచి, లోపల విశాలమైన గుహను, చుట్టును దట్టమైన గోడను నేర్పరచును. ఆ గోడలలో ద్రవ్యము క్రిక్కిఱిసినచోట క్రొత్త చుక్కలు పుట్టుటయు గలదు. ఆర్ద్రకు దక్షిణమున, వరుసగానున్న మూడు చుక్కలకు దిగువ, మసకగా దోచు మేఘమున నీ పని నేటికిని సాగుచున్నది. అది సుమారు 1,300 కాంతిసంవత్సరముల దూరమున నున్నను, చీకటిరాత్రి వట్టి కంటికే యగపడును.

వయసు మీఱిన పిమ్మట నక్షత్రము ఉబ్బి, పైపొర చల్లబడి, గాలి మందగించి చిక్కనగును. ఆర్ద్ర నేడీ దశలో నున్నది. సూర్యుని స్థానమున దానిని నిలిపినచో మన భూమి దాని కడుపులో నుండును. 2019లో నది యొక ముద్దను వెలికి గ్రక్కగా, అది చల్లారి ధూళియై, 2020 ఫిబ్రవరి నాటికి దాని ముఖమునకు ముసుగువలె నడ్డుపడెను.

పేలిన పిమ్మట జరుగుదానిని గూడ లోకము చూచియే యున్నది. 1,60,000 కాంతిసంవత్సరములకు మించిన దూరముననున్న పెద్ద మాగెల్లాన్ మేఘమను నక్షత్రసమూహములో నొక నక్షత్రము పేలుట 1987 ఫిబ్రవరిలో గానవచ్చెను. దానిని కావలూరునుండియు బరిశీలించిరి. పేలుటకు సుమారు 20,000 ఏండ్లకు పూర్వమే అది విడిచిన ద్రవ్యము వలయమై చుట్టును నిలిచియుండెను. పేలుడు తాకిడి యా వలయమును జేరగా, 1990ల నడుమనుండి కాంతిబిందువు లొక్కొక్కటిగా వెలిగి ముత్యాలహారమువలె నేర్పడెను. బ్రతికిననాడు విడిచినదే పోయిన పిమ్మట వెలిగినది.

సోదరీమణులారా, మనము పీల్చు ప్రాణవాయువులో నధికభాగ మట్టి నక్షత్రముల గర్భములలో వండబడినదే. మాఘమాసపు రాత్రులలో పిల్లలకు ఆర్ద్రను జూపునపు డీ సంగతియు జెప్పుడు.