పళ్ళకూ ఒక ఫైలు

పిల్లలూ,

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్ళలో మొదలయ్యే హడావిడి మీకు కొత్త కాదు. టీసీ తీసుకోవాలి, గ్యాసు కనెక్షను అప్పగించాలి, పెట్టెల మీద పేరూ ఊరూ రాయాలి. టీకాల కార్డు ఎక్కడ పెట్టామో వెతకాలి. ఇన్ని కాగితాలు సర్దుకునే మనం పళ్ళ కాగితాలను మాత్రం పట్టించుకోం. వాటి గురించే ఈ నాలుగు మాటలు.

జ్వరం వస్తే ఏ ఊళ్ళో డాక్టరైనా మందిస్తారు, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. వంకర పళ్ళను సరిచేసే వైద్యం అలా ముగియదు. క్లిప్పులు పెట్టించుకుంటే మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి వెళ్ళి తీగ సరిచేయించుకోవాలి. పన్ను ఎముకలో నాటుకుని ఉంటుంది కదా! తీగ దాన్ని మెల్లగా తోస్తుంటే, జరిగే వైపు ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది, వెనుకవైపు కొత్త ఎముక పుడుతుంది. అలా నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. తొందరపెడితే పంటి వేరుకే నష్టం. రెండు మూడేళ్ళకు ఊరు మారే మనం ఈ లెక్క ముందే తెలుసుకోవాలి.

మరి ఎప్పుడు చూపించుకోవాలి? ఏడేళ్ళు వచ్చేసరికి ఒకసారి చూపించమని అమెరికాలోని ఆర్థోడాంటిస్టుల సంఘం సూచిస్తుంది. దానికి కారణం ఉంది. సుమారు ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనుక, పైనా కిందా రెండు వైపులా ఒక్కో పెద్ద దవడపన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కనుక చాలా ఇళ్ళలో దాన్నీ పాలపన్నే అనుకుంటారు. నిజానికి అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. అది వచ్చి, ముందు పళ్ళు మారుతున్న సమయంలో చూస్తే, దవడ ఎలా ఎదుగుతోందో, రాబోయే పళ్ళకు చోటు చాలుతుందో లేదో డాక్టరుకు తెలుస్తుంది.

చూపించుకోగానే క్లిప్పులు వేసేస్తారని భయపడకండి. చాలామంది పిల్లలకు "కొన్నాళ్ళు గమనిద్దాం" అనే చెబుతారు. ఎనిమిది, తొమ్మిదేళ్ళప్పుడు పై ముందు పళ్ళ మధ్య కనిపించే సందు, పక్కన కోరపళ్ళు దిగాక చాలామందిలో దానంతటదే మూసుకుంటుంది. కొన్నింటికి మాత్రం ఆగకూడదు. పుచ్చిపోయి పాల దవడపన్ను ముందే తీసేయాల్సి వస్తే, వెనుక పన్ను ముందుకు జరిగి కొత్త పంటి చోటు ఆక్రమిస్తుంది. ఆ చోటు కాపాడడానికి చిన్న తీగ అమరుస్తారు. శాశ్వత దంతాలు వచ్చే వయసులోనూ బొటనవేలు చీకుతుంటే పై పళ్ళు ముందుకు వస్తాయి. అలాంటి ఎత్తుపళ్ళు ఆటల్లో పడినప్పుడు విరిగే ప్రమాదం ఎక్కువ. "పన్ను మీద పన్ను వస్తే అదృష్టం" అని పెద్దవాళ్ళు ముచ్చటగా అంటారు. అన్నా సరే, వాటి సందుల్లో బ్రష్షు సరిగా తిరగదు.

మా పాపకు ఏడేళ్ళు నిండేసరికి మేము జోధ్‌పూర్‌లో ఉన్నాం. అక్కడ మేము వెళ్ళిన డాక్టరమ్మ ముందు పాపతోనే మాట్లాడారు. చేతికి అద్దమిచ్చి, "నీ పళ్ళు నువ్వే లెక్కపెట్టు బేటా" అన్నారు. ప్రతి పరికరాన్నీ ముందు పాప వేలిగోరు మీద తాకించి చూపించి, ఆ తర్వాతే నోట్లో పెట్టారు. తమ్ముడిని బయటికి పంపకుండా పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టారు. అంతా చూశాక మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న: "ఈ ఊళ్ళో ఇంకా ఎన్నాళ్ళుంటారు?"

ఏడాది అన్నాం. పాపకు ఒకవైపు పై పళ్ళు కింది పళ్ళకు లోపలగా మూసుకుంటున్నాయి. పై దవడ మధ్యనుండే అతుకు ఆ వయసులో ఇంకా గట్టిపడదు కనుక ఇప్పుడే వెడల్పు చేయడం సులువని, ఏడాదిలో ముగిసే ఈ పని ఒక్కటే ఇక్కడ చేద్దామని, క్లిప్పుల సంగతి తర్వాతి ఊళ్ళో చూసుకోవచ్చని ఆమె చెప్పారు. అంగిలికి ప్లేటు, దానికొక స్క్రూ, తిప్పడానికి బుల్లి తాళంచెవి. తిప్పిన రోజల్లా క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాం. మొదటి వారం పాపకు త, ద, న, స సరిగా పలకలేదు. నాలుక పై పళ్ళ వెనుక తాకితేనే దంత్యాలు పలుకుతాయని మేము తరగతిలో చెప్పే పాఠం ఇంట్లోనే వినిపించింది. రోజూ గట్టిగా చదివిస్తే పది రోజుల్లో సర్దుకుంది.

ఇప్పుడున్న బడికి ఏడాది మధ్యలో ఒక అమ్మాయి వచ్చింది. పళ్ళకు క్లిప్పులున్నాయి, కానీ ఆర్నెల్లుగా ఏ డాక్టరూ చూడలేదు. పాత ఊరి కాగితాలు లేవు. ఎక్స్‌రేలు లేకుండా వేరొకరు మొదలుపెట్టిన వైద్యాన్ని అందుకోవడం కష్టమని ఇక్కడి ఇద్దరు డాక్టర్లు చెప్పారట. ఒక క్లిప్పు ఊడి చెంపకు గుచ్చుకునేది. క్లిప్పుల చుట్టూ తెల్ల మచ్చలు పడ్డాయి. పద్యం చదవమంటే చెయ్యి అడ్డం పెట్టుకునేది. చివరికి వాళ్ళ నాన్నగారు పాత క్లినిక్కుకు ఫోను చేసి ఎక్స్‌రేలు, ఫొటోలు తెప్పించారు. ఇక్కడి ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో మళ్ళీ మొదలైంది. ఇంకా పది నెలలు పడుతుందట. ఈసారి ఫైలు తన బడిసంచిలోనే పెట్టుకుంటానంది.

కాబట్టి పిల్లలూ, క్లిప్పులు పెట్టించుకునే ముందే మీ బదిలీ సంగతి డాక్టరుకు చెప్పించండి. ఊరు వదిలేటప్పుడు ఎక్స్‌రేలు, ఫొటోలు, పళ్ళ అచ్చులు, ఇప్పటిదాకా ఏం చేశారో, ఇంకా ఏం చేయాలో రాసిన ఉత్తరం, కట్టిన డబ్బు రసీదులు అడిగి తీసుకోండి. చిన్న ఊళ్ళో నిపుణులు లేకపోతే దగ్గరి నగరంలోని దంత వైద్య కళాశాలలో అడగండి. హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రి దగ్గర, ఢిల్లీలో ఎయిమ్స్‌లో ఈ విభాగాలున్నాయి. వైద్యం ముగిశాక ఇచ్చే రిటైనర్ని సామాన్ల లారీలో వేయకండి, ప్రయాణంలో మీ దగ్గరే ఉంచుకోండి. కొన్నాళ్ళు పెట్టుకోకపోతే పళ్ళు పాత చోటికి జరుగుతాయి.

ఇంకొక మాట. కొత్త ఊళ్ళో కొత్త భాషలో బాధ చెప్పుకోవాల్సింది మీరే. చల్లనీళ్ళకు జివ్వుమంటుందా, రాత్రంతా సలుపుతోందా, చింతకాయ తిన్నాక పులిసినట్టుందా? తెలుగులో వీటికి వేర్వేరు మాటలున్నాయి. అన్నింటినీ "దర్ద్" అని ఒకే మాటలో చెబితే డాక్టరుకు సగమే తెలుస్తుంది. ముందు మన మాటలో సరిగా గుర్తించండి, తర్వాత వాళ్ళ భాషలో విడమరిచి చెప్పండి.